చెలక చెబుతుంది... రేగడి దాస్తుంది!

రోడ్డు మీద పెట్రోలు ఒలికితే అందరికీ కనిపిస్తుంది. అదే భూమిలో పాతిన ట్యాంకు కారితే? ఆ సంగతి ఎప్పుడు బయటపడుతుందో చెప్పేది నేలే. కరీంనగర్‌ నుంచి ఆదిలాబాద్‌ దాకా వెళ్తే రెండు రకాల నేలలూ కనిపిస్తాయి.

కరీంనగర్‌ దాటి జగిత్యాల వైపు బయల్దేరితే దారికి అటూ ఇటూ గ్రానైటు గుట్టలు, ఎర్రటి చెలకలు, మధ్యమధ్య వ్యవసాయ బావులు. కోరుట్ల, మెట్‌పల్లి మీదుగా ఆర్మూరు చేరి 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కాలి. సోన్‌ దగ్గర గోదావరి దాటితే నిర్మల్‌. ఇచ్చోడ, గుడిహత్నూర్‌ వచ్చేసరికి నేల రంగే మారిపోతుంది... పత్తి పండే నల్లరేగడి! దారి పొడవునా మారనివి మాత్రం పెట్రోలు బంకులు. వాటి కింద భూమిలో ఇంధన ట్యాంకులు.

రోజుకు నాలుగు లీటర్లే!

ఉక్కుకు తేమ శత్రువు. రేగడి తేమను పట్టి ఉంచుతుంది. వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. ఆ కదలికకు పైపుల అతుకులు వదులయ్యే ప్రమాదముంది. బంకుల్లో డిప్‌ రాడ్‌ దించి ట్యాంకు మట్టం చూస్తారు, అమ్మకాల లెక్కతో సరిపోల్చుతారు. రోజుకు నాలుగు లీటర్లు తగ్గితే ‘ఆవిరైపోయిందేమో’ అనుకోవడం తేలిక. కానీ ఏడాదికి అది 1,460 లీటర్లు!

చెలకలో ఎర్రమట్టి కింద మొరం, దాని కింద పగుళ్లున్న రాయి. కారిన పెట్రోలు గబగబా దిగిపోతుంది. పగులు ఎటుంటే అటు పోతుంది. పక్కనున్న బావి బాగానే ఉండి, కాస్త దూరంలోని బోరులో వాసన రావచ్చు. రేగడి అలా కాదు. ఎండాకాలం నెర్రెల్లోంచి దిగిన ఇంధనాన్ని వానాకాలం మూసుకుపోయి లోపలే పట్టి ఉంచుతుంది. కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి వదులుతుంది. చెలక త్వరగా చెప్పేస్తుంది, రేగడి దాచి పెడుతుంది.

పెట్రోలు నీటికంటే తేలిక, పైన తేలుతుంది. అందులోని బెంజీన్‌ మాత్రం కొంత నీళ్లలో కరుగుతుంది. అది క్యాన్సర్‌ కారకం. కాబట్టి వాసన వచ్చే నీళ్లను మరిగించి తాగడం పరిష్కారం కాదు సరికదా, మంట దగ్గర పెట్టడమే ప్రమాదం.

నేలను బట్టే వైద్యం

మొదట ట్యాంకు ఖాళీ చేసి కారడం ఆపాలి. చుట్టుపక్కల కనీసం మూడు బావుల్లో నీటిమట్టం కొలిస్తే భూగర్భజలం ఎటు పారుతోందో అంచనా దొరుకుతుంది. ఆ దిక్కున రంధ్రాలు వేసి లోతుకొకటి చొప్పున మట్టి తీసి ప్రయోగశాలకు పంపుతారు. తేలే ఇంధనాన్ని పంపులతో తోడేస్తారు. గుల్ల నేలైతే గొట్టాలు దించి ఆవిరిని పీల్చేస్తారు. తడి రేగడిలో గాలి ఆడదు. అక్కడ మట్టిని తవ్వితీసి, కుప్పపోసి, గాలీ తేమా పోషకాలూ అందిస్తే సూక్ష్మజీవులే చమురును తినేస్తాయి. ఢిల్లీలోని టెరి సంస్థ రూపొందించిన ‘ఆయిల్‌ జాపర్‌’ అలాంటి సూక్ష్మజీవుల మిశ్రమమే.

ఆలస్యమైతే ఏమవుతుందో చెన్నై చూసింది. 2013లో తండయార్‌పేటలో ఇళ్ల బోర్ల నీళ్లలో ఇంధనం కనిపించింది. కారణం భారత్‌ పెట్రోలియం భూగర్భ పైపులైను లీకు. వ్యవహారం జాతీయ హరిత ట్రైబ్యునల్‌ దాకా వెళ్లింది. శుద్ధి ఏళ్ల తరబడి సాగింది.

చెప్పాల్సింది ఎవరు?

కొత్త బంకులు బడులకూ ఆసుపత్రులకూ ఇళ్లకూ 50 మీటర్ల దూరంలో ఉండాలని 2020లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి చెప్పింది. స్థలం దొరక్కపోతే అదనపు జాగ్రత్తలతో 30 మీటర్లు. 2025 జులైలో కలుషిత స్థలాల నిబంధనలు వచ్చాయి. అనుమానమున్న స్థలాల వివరాలను స్థానిక సంస్థలు, జిల్లా యంత్రాంగం ఆరు నెలలకోసారి రాష్ట్ర మండలికి పంపాలి. పాడుచేసినవారే ఖర్చు భరించాలి. గనుల తవ్వకాలకు, సముద్రంలో చమురు కాలుష్యానికి ఇందులో మినహాయింపు ఉంది. నేల మీది చమురుకు అలాంటి మినహాయింపు లేదు.

2016లో ఈ రెండు జిల్లాలూ పలు జిల్లాలయ్యాయి. కలెక్టరేట్లు ఊళ్లకు దగ్గరయ్యాయి. అయినా అనుమానపు జాబితాలోకి ఓ బావి ఎక్కాలంటే, ఆ నీళ్లు తోడుకునేవారు ‘వాసనొస్తోంది’ అని నోరు విప్పాలి. రేగడి నేలల్లో మరీ ముందుగా విప్పాలి!