గొడుగు లేని ఫొటో

మొన్న బుధవారం ఆఫీసులో అందరికీ ఓ మెయిల్ వచ్చింది. మా కంపెనీ సీఎస్సార్ వాళ్ళు మళ్ళీ ఫొటోల పోటీ పెడుతున్నారట. ఈసారి టాపిక్ "ప్రపంచ ఆరోగ్యం, వర్ధమాన దేశాల జీవితం". మెయిల్ వచ్చిన ఐదు నిమిషాలకి మా డామేజరు (మేనేజర్ అని చదువుకోండి) నా క్యూబికల్ దగ్గరకొచ్చి భుజం తట్టి, "సాలూరు వాడివి, నీకు సబ్జెక్టులకేం కొదవ! ఈసారి కూడా ప్రైజు మన టీమ్‌కే రావాలి" అన్నాడు.

పాపం ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. నాకే ఎక్కడో గుచ్చుకుంది. అదెందుకో చెప్పాలంటే క్రితంసారి నాకు ప్రైజెలా వచ్చిందో చెప్పాలి.

2021 ఆగస్టు. వర్క్ ఫ్రమ్ హోమ్ పుణ్యమా అని నేను సాలూర్లోనే ఉన్నాను. మా ఊరు తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. విజయనగరం నించి రాయపూర్ పోయే రోడ్డు మీద, ఘాట్ ఎక్కే ముందు తగిలే ఊరు. లారీల ఊరు. మా చిన్నప్పుడు విజయవాడ తర్వాత లారీలంటే సాలూరే అని గొప్పగా చెప్పుకునేవాళ్ళం. మా నాన్న కూడా ఆ ఘాట్ మీద లారీ తోలే నన్ను బీటెక్ చదివించాడు. ఊరికి ఒక పక్కంతా కొండలు. ఆ కొండల మీద కొండదొరల, జాతాపుల ఊళ్ళు. సంత రోజున చీపుర్లు, చింతపండు, అడ్డాకులు పట్టుకుని వాళ్ళు కిందకి దిగేవారు. మేం కొండెక్కడం మాత్రం ఎప్పుడూ లేదు. అంటే నేను సాలూరు వాడినే గానీ కొండ వాడిని కాను. ఈ తేడా మా ఆఫీసులో ఎవరికీ తెలీదు. నేనూ ఎప్పుడూ చెప్పలేదు.

అప్పుడే సెకండ్ హ్యాండ్ డీఎస్సెల్లార్ ఒకటి కొన్నాను. ఒక ఆదివారం మా ఫ్రెండు (లారీ బాడీ షెడ్డు నడుపుతాడు) బైకు మీద ఇద్దరం కొండ దారి పట్టాం. తారు రోడ్డు అయిపోయాక బండి ఆపి నడుస్తున్నాం. వాన మొదలైంది. పైనించి డోలీ దిగుతోంది. కర్రకి దుప్పటి కట్టి, అందులో నిండు గర్భిణి. ముందొకరు, వెనకొకరు మోస్తున్నారు. భుజం మార్చుకోడానికి ఇంకో ఇద్దరు. కాళ్ళ కింద ఎర్రమట్టి జారిపోతోంది. కింద తారు రోడ్డు దాకా 108 వస్తుంది, అక్కడిదాకా వీళ్ళు దింపాలి.

నేను కెమెరా తీశాను. వరసగా పద్నాలుగు ఫొటోలు.

ముందు మోస్తున్నాయన మా దగ్గరకొచ్చేసరికి నా వైపు చూసి, "బాబూ, కూసింత గొడుగట్టు. తడిసిపోతంది" అన్నాడు. గొడుగు నా చంకలోనే ఉంది. నేనన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "ఒక్క నిమిషం" అన్నాను.

మా వాడు ఒక్క మాటా అనకుండా నా చంకలోంచి గొడుగు లాక్కుని, ఆవిడ మొహం మీద పట్టి, డోలీ పక్కనే నడుచుకుంటూ కిందదాకా వెళ్ళిపోయాడు. నేను వెనకాల దిగుతూ స్క్రీన్ మీద ఫొటోలు చూసుకుంటున్నాను.

ఆ రాత్రి ల్యాప్‌టాప్‌లో చూస్తే ఒక ఫొటో అదిరింది. తడిసిన భుజం, బిగిసిన నరం, దుప్పట్లోంచి ఆవిడ మొహం సగం, వెనకంతా పచ్చటి మసక. ఒక్కటే చిక్కు. కుడి పక్కన మావాడి చెయ్యి, ఆ చేతిలో ఎరువుల కంపెనీ ప్రకటన ఉన్న పసుప్పచ్చ గొడుగు. ఫ్రేమ్ మొత్తం పాడు చేస్తోంది. క్రాప్ చేసేశాను. పేరు "ఆశల బరువు" అని పెట్టి పంపించాను. ఊరు పేరు రాయలేదు, మనుషుల పేర్లు నాకు తెలియనే తెలీవు. ఫస్ట్ ప్రైజు. పదిహేను వేల గిఫ్టు వోచరు, రిసెప్షన్ గోడ మీద నాలుగడుగుల ఫ్రేము, కంపెనీ వెబ్‌సైట్లో చోటు. "వాట్ ఎ లైట్ యార్" అని కామెంట్లు. ఆవిడకి ఏ బిడ్డ పుట్టిందో, అసలు బతికిందో లేదో కూడా నేను కనుక్కోలేదు. మా ఫ్రెండుకి మాత్రం అదే రోజు సాయంత్రానికి తెలుసు. నేనడగలేదు, వాడు చెప్పలేదు.

సరే, ఇది నా గోల. పెద్ద పోటీల సంగతి చూద్దాం.

ఇలాంటి పోటీలు ప్రపంచంలో చాలానే ఉన్నాయి. యూనిసెఫ్ జర్మనీ వాళ్ళు 2000 నించి పిల్లల జీవితాల మీద ఏటా ఉత్తమ ఫొటో ఎంపిక చేస్తున్నారు. లండన్ వెల్‌కమ్ ట్రస్టుకి ఆరోగ్యం మీద ఒక ఫొటో బహుమతి ఉంది. జాన్స్ హాప్‌కిన్స్ వాళ్ళ ఫొటోషేర్ అనే లైబ్రరీ నడిచినన్నాళ్ళు ప్రజారోగ్యం మీద పోటీలు పెట్టింది. ఉద్దేశాలన్నీ మంచివే.

కానీ కెవిన్ కార్టర్ ఫొటో గుర్తు చేసుకోండి. 1993లో సూడాన్‌లో తీసింది, నేల మీద ఒరిగిపోయిన బిడ్డ, వెనకాల రాబందు. 1994లో పులిట్జర్ వచ్చింది. అదే ఏడు జులైలో కార్టర్ ఆత్మహత్య చేసుకున్నాడు. ఈ కథంతా మనకి తెలుసు. తెలియంది ఏంటంటే, ఆ బిడ్డ ఆడపిల్ల అని ప్రపంచమంతా ఏళ్ళ తరబడి అనుకుంది. 2011లో ఒక స్పానిష్ పత్రిక వాళ్ళు ఆ ఊరు వెతుక్కుంటూ వెళ్తే తేలిందేంటంటే, మగపిల్లాడు, పేరు కాంగ్ న్యోంగ్, అప్పుడు చనిపోలేదు, పెరిగి పెద్దవాడయ్యి 2007 ప్రాంతంలో జ్వరంతో పోయాడు. ఫొటో ప్రపంచమంతా తిరిగిన పద్దెనిమిదేళ్ళకి గానీ ఆ పిల్లాడి పేరు బయటకి రాలేదు!

ఇంకోటి మన దేశంలోదే. అలెస్సియో మామో అనే ఇటలీ ఫొటోగ్రాఫర్, వరల్డ్ ప్రెస్ ఫొటో బహుమతి అందుకున్నవాడే, 2011లో యూపీ, మధ్యప్రదేశ్ పల్లెల్లో పేదవాళ్ళని బల్ల ముందు నిలబెట్టి, బల్ల నిండా ప్లాస్టిక్ తిండి పెట్టి, కళ్ళు మూసుకుని మీకిష్టమైన భోజనం తలుచుకోండి అని ఫొటోలు తీశాడు. 2018లో అవి వరల్డ్ ప్రెస్ ఫొటో వాళ్ళ ఇన్‌స్టాగ్రామ్‌లో కనపడగానే పెద్ద దుమారం లేచింది. నేనూ అప్పుడు ఫైనలియర్లో కూర్చుని వాణ్ణి తిట్టినవాణ్ణే. మూడేళ్ళకి నేను ఎరువుల గొడుగు క్రాప్ చేశాను. వాడు లేనిది పెట్టాడు, నేను ఉన్నది తీసేశాను. అంతే తేడా.

"అయితే ఫొటోలే తియ్యొద్దంటావా? ఎవడికి తెలుస్తుంది మరి?" అంటారా. అదే అసలు చిక్కు. ఎందుకంటే మా కొండల్లోనే ఫొటో పనికొచ్చింది కూడా.

2018లో మా మండలం సిరివర నించి ఒక గర్భిణిని డోలీలో కిలోమీటర్ల కొద్దీ మోసుకొచ్చిన సంగతి పేపర్లలో, టీవీల్లో వచ్చింది. అదే ఏడు సెప్టెంబర్లో జిల్లాలోనే ఇంకో ఊరావిడ దారి మధ్యలో, రాళ్ళ మీదే ప్రసవించింది. కూడా ఉన్న కుర్రాడొకడు సెల్‌ఫోన్లో తీసిన వీడియో దేశమంతా తిరిగింది. అందులో లైటింగ్ లేదు, కంపోజిషన్ లేదు. ఊరు ఇది, దారి ఇది, రోడ్డు లేదు, అంతే. ఆ ఏడే సాలూర్లో ఐటీడీఏ వాళ్ళు గిరిజన గర్భిణులకి వసతి గృహం పెట్టారు. నెలలు నిండకముందే కొండ దిగి వచ్చి అక్కడుంటే భోజనం, పరీక్షలు అన్నీ అక్కడే, నొప్పులొస్తే ఆసుపత్రి పక్కనే. ఒక్క వీడియో వల్లే వచ్చిందని నేననను. కానీ ఆ గొడవ లేకపోతే అంత తొందరగా వచ్చేదనీ అనుకోను.

మన భాషలో చెప్తాను. బగ్ రిపోర్టుకి స్క్రీన్‌షాట్ పెడతాం కదా. స్క్రీన్‌షాట్ ఒక్కటీ పెట్టి, ఏ మాడ్యూలో, ఏం చేస్తే వస్తోందో, ఎవరు ఫిక్స్ చెయ్యాలో రాయకపోతే ఆ టికెట్ ఏమవుతుంది? ఆ కుర్రాడు పెట్టింది పూర్తి బగ్ రిపోర్టు. ఈ పోటీల్లో మనం చేసేది, ఈ ఏడాది అత్యంత అందమైన స్క్రీన్‌షాట్‌కి అవార్డిచ్చి టికెట్ ఎవరికీ అసైన్ చెయ్యకుండా వదిలెయ్యడం.

ఇది కొత్త సంగతేం కాదు. అమెరికాలో లూయిస్ హైన్ 1908 నించి మిల్లుల్లో, గనుల్లో బాలకార్మికుల ఫొటోలు తీశాడు. జేబులో చిన్న పుస్తకం దాచుకుని పిల్లల పేరు, వయసు, పని రాసుకునేవాడట. తన కోటు గుండీలతో పిల్లల ఎత్తు కొలుచుకునేవాడట. అవి బాలకార్మిక చట్టాల కోసం పోరాడే సంఘం చేతికి వెళ్ళాయి. దేశమంతటికీ చట్టం రావడానికి 1938 దాకా పట్టింది, అది వేరే సంగతి. ఇంకా ముందుకెళ్ళి చైనాలోని యునాన్‌లో 1992 నించి కరోలిన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ అనే ఇద్దరు ఏకంగా పల్లెటూరి ఆడవాళ్ళ చేతికే కెమెరాలిచ్చారు. వాళ్ళు తీసిన ఫొటోలు అధికారుల ముందు పెట్టి మాట్లాడించారు. పిల్లల్ని చూసుకునే కేంద్రాలు, మంత్రసానులకి శిక్షణ వంటివి దాన్నించే వచ్చాయి. పోటీల్లోనూ మార్పు లేకపోలేదు. 2021 వెల్‌కమ్ బహుమతుల్లో ఒకటి జమీషా ప్రెస్కాడ్ అనే లండన్ అమ్మాయికి వచ్చింది, లాక్‌డౌన్లో చిందరవందరగా ఉన్న తన గదిలో కూర్చుని అల్లుకుంటూ తనకి తనే తీసుకున్న ఫొటోకి.

ఇవన్నీ నేను తర్వాత చదువుకున్నవి. చదవడానికి కారణం 2023 సంక్రాంతి.

ఆ పండక్కి ఊరెళ్ళినప్పుడు ప్రైజు ఫొటో ప్రింట్ ఒకటి పట్టుకుని, మావాణ్ణి వెంటేసుకుని ఆ ఊరెక్కాను. సంతోషపడతారనుకున్నాను. ఆవిడ ఇంట్లోనే ఉంది. ఏడాదిన్నర పాప గుమ్మంలో ఆడుకుంటోంది. ఆవిడ ఫొటో చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసి, "నానిలాగున్నప్పుడు ఎవులెవులు సూసినారు?" అని అడిగింది. ఆఫీసులో మూడు వేలమంది అని ఎలా చెప్తాను? నీళ్ళు నమిలాను.

భర్త, ఆ రోజు ముందు మోసినాయనే, ఫొటో అటూ ఇటూ తిప్పాడు. "గొడుగేది బాబూ? ఈ బాబు గొడుగట్టినాడు గదా" అన్నాడు మావాణ్ణి చూపిస్తూ. తర్వాత, "దారీ కనబడదేటి? రోడ్డెయ్యమని అర్జీ ఎట్టినప్పుడల్లా ఫొటో తెమ్మంతారు. ఇందలో దారే లేదు" అన్నాడు. తిట్టినట్టు కాదు, మామూలుగానే అన్నాడు. ఎఫ్ 1.8లో నేను ముచ్చటపడి మసక చేసింది ఆ దారినే. ఆయనకి కావలసింది అదొక్కటే.

ఆవిడ ప్రింట్ మడిచి పక్కన పెట్టింది. "ఇది గోడకొద్దు. మా గుంటని ఓపాలి తియ్యి" అని లోపలికెళ్ళి పాపకి మొహం కడిగి, పౌడర్ రాసి, కొత్త గౌను తొడిగి తీసుకొచ్చింది. తీశాను. దిగేటప్పుడు దారి పొడుగునా, ప్రతి వంపు దగ్గరా ఆగి ఫొటోలు తీశాను. లొకేషన్ ఆన్ చేసి తీశాను. అన్నీ ప్రింట్లు వేయించి మావాడి చేత ఆయనకి పంపించాను. అర్జీకి జతచేశారట. రోడ్డు ఇంకా పడలేదు.

తర్వాత హెచ్చార్‌కి మెయిల్ పెట్టాను, ఆ ఫొటో తీసెయ్యమని. వెబ్‌సైట్ నించి తీశారు. గోడ మీది ఫ్రేము మాత్రం అలాగే ఉంది, ఆఫీసు మారినప్పుడు చూద్దామన్నారు. రోజూ దాని ముందునించే స్వైప్ చేసి లోపలికెళ్తాను.

మొన్నటి మెయిల్‌కి రిప్లై ఇచ్చాను. ఎంట్రీ పంపలేదు, మూడు రూల్స్ కలపమన్నాను. ఫొటోలో ఉన్నవాళ్ళు ఒప్పుకున్నారా, వాళ్ళకి ప్రింట్ అందిందా, ఎవరి చేతికి చేరాలని తీశారు. ఫారంలో మూడు గళ్ళు, అంతే. "గుడ్ సజెషన్, నెక్స్ట్ ఇయర్ చూద్దాం" అని జవాబొచ్చింది. మన ఫీల్డ్‌లో నెక్స్ట్ రిలీజ్ అంటే ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు.

మీ ఆఫీసు గోడ మీద కూడా ఇలాంటి ఫొటో ఒకటి ఉండే ఉంటుంది. రేపు కాఫీకి వెళ్ళేటప్పుడు ఒక్కసారి ఆగి చూడండి. తీసినవాడి పేరు ఎలాగూ ఉంటుంది. రెండో పేరు ఉందేమో చూడండి.