పన్ను మీద నెపం

మా పాపకి మొదటి పన్ను వచ్చింది 2018 డిసెంబరులో. సౌదీ అనగానే ఊళ్ళో మనవాళ్ళు ఎండ, ఇసుక అనుకుంటారు గానీ, మన ఖమీస్ ముషైత్ సముద్రమట్టానికి దాదాపు 2,000 మీటర్ల ఎత్తున ఉంది కదా! ఆ చలిలో ఏడు నెలల పిల్లని భుజాన వేసుకుని అర్ధరాత్రి హాల్లో పచార్లు చేయడం ఎలా ఉంటుందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది.

పాపకి ఒకటే చొంగ. గుప్పిళ్ళు నోట్లో పెట్టుకుని కొరుక్కునేది. ఖమ్మంలో అమ్మకి ఫోన్ చేస్తే, "చిగుళ్ళు సలుపుతున్నాయే. కాస్త తేనె రాయి. నీకూ అదే రాశాను" అంది. తెలిసినవాళ్ళు చిగుళ్ళకి రాసే జెల్ ఇచ్చారు. రాసిన నిమిషంలో ఊరుకుంటుందన్నారు.

మూత తీయబోతుంటే పై ఫ్లాట్ నెల్లూరు అక్క వచ్చింది. ఆవిడ నర్సు. ట్యూబు మీద చదివి, "ఇందులో బెంజోకెయిన్ ఉందమ్మా, వద్దు" అంది. దానివల్ల అరుదుగానైనా రక్తం ఆక్సిజన్ మోసే శక్తి తగ్గిపోయి ప్రాణం మీదికి వస్తుందట. రెండేళ్ళలోపు పిల్లలకి వాడొద్దని అమెరికా ఎఫ్‌డీఏ ఆ ఏడాది మే నెలలోనే హెచ్చరించిందట. తేనె కూడా ఏడాది నిండేదాకా వద్దంది. అందులో ఉండే ఒక రకం సూక్ష్మజీవి పసిపిల్లల పేగుల్లో పెరిగి విషం తయారుచేయవచ్చు. మెడలో పూసల దండలూ వద్దు. బిగుసుకుంటే ఊపిరాడదు, తెగితే గొంతులో పడతాయి.

"మరేం చేయమంటావక్కా?" అన్నాను ఏడుపు గొంతుతో.

ఆవిడ చేతులు కడుక్కుని, వేలితో పాప చిగురు మెల్లగా రుద్దింది. ఉతికిన నూలుగుడ్డ తడిపి ఫ్రిజ్‌లో పెట్టించి, చల్లబడ్డాక కొరకనిచ్చింది. గడ్డకట్టేలా ఫ్రీజర్‌లో మాత్రం పెట్టకూడదట. చొంగ ఎప్పటికప్పుడు తుడవమంది. అంతే! మంత్రం వేసినట్టు కాకపోయినా, పాప కాస్త తెరిపిన పడింది.

మూడో రోజు ఒళ్ళు కాలిపోయింది. థర్మామీటరు 39 చూపించింది. "పళ్ళొచ్చేటప్పుడు జ్వరం మామూలే" అని ఊరుకున్నాను. సాయంత్రం అక్క వచ్చి చూసి, "పన్ను వస్తే ఒళ్ళు కాస్త వెచ్చబడుతుందేమో గానీ, 38 దాటితే అది పన్ను పని కాదు. పద ఆసుపత్రికి" అంది. డాక్టరు చూసి చెవిలో ఇన్ఫెక్షన్ అన్నారు. ఆ ఒక్క రోజూ పన్ను మీద నెపం పెట్టి కూర్చున్నానే అని ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. విరేచనాలైనా, పాలు తాగకపోయినా అంతే. పన్ను అనుకోకుండా చూపించాలి.

పోయిన ఏడాది అదే పన్ను ఊడింది. అమ్మేమో పేడలో పెట్టి ఇంటి కప్పు మీద వేయమంది. ఇక్కడ పేడ ఎక్కడ తెచ్చేది? కింది ఫ్లాట్ అరబ్బు పాప సూర్యుడి వైపు విసరమని చెప్పింది. మావాడలాగే విసిరి... కాదు కాదు, మా అమ్మాయి అలాగే విసిరి, తెలుగు తరగతికి బోసినవ్వుతో పరుగెత్తింది!

కొత్తగా అమ్మానాన్నలైనవాళ్ళకి ఒక్క మాట. పెద్దల ప్రేమని కాదనకండి, కానీ ట్యూబు మీద రాసింది చదవండి. జ్వరం వస్తే ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళండి.