గజాల్లోకి దిగని నేల

పాతకాలపు ఎస్టేటు ఒకటి, అందులోనూ మేలుజాతి గుర్రాలను పెంచిన ఎస్టేటు, అమ్మకానికి వచ్చిందంటే ప్రకటనలో ఏముంటుందో ఊహించవచ్చు. ఎన్ని ఎకరాలు, బంగళాలో ఎన్ని గదులు, ఎన్ని గుర్రపుసాలలు, నీటి వసతి ఎలా ఉంది, పట్టణం ఎంత దూరం. ఇవన్నీ నిజాలే, కొనేవాడికి కావలసినవే. అయినా ఆ ప్రకటనలో అసలు సరుకు ఉండదు. తరతరాలుగా ఒకే గడ్డి మేసిన తల్లీపిల్లల వరస, ఏ బీడు ఏ నెలలో చిత్తడిగా ఉంటుందో తెలిసిన సైసుల అనుభవం, ఏ నీడన ఏ గోడిగ సుఖంగా ఈనుతుందో గుర్తున్న మనుషులు, వీటికి రేటు కట్టే పద్ధతి ఏ రిజిస్ట్రారు దగ్గరా లేదు. నేల, నెత్తురు, చేతిపని అనే ఈ మూడూ కలిసి ఉన్నంతకాలమే అది గుర్రాల పెంపకశాల. విడిపోయాక మిగిలేది కొంత భూమి, కొన్ని జంతువులు, కొందరు పనిపోయిన మనుషులు. అందుకే ఇలాంటి చోటును అమ్మవలసి వస్తే ముక్కలు చేయకుండా అమ్మాలనీ, అది అలాగే నిలిచే షరతును పత్రంలోనే రాయాలనీ, కొనేవాడి మంచితనం మీద భారం వేసి ఊరుకోకూడదనీ నా వాదన. దీనికి సాక్ష్యాలు అమెరికాలోని కెంటకీలో, ఐర్లండులోని కిల్డేర్‌లో ఉన్నాయి.

కెంటకీలో లెక్సింగ్టన్ పక్కనే ఉన్న కాల్యుమెట్ ఫామ్ పేరు వినని గుర్రప్పందేల అభిమాని ఉండడు. బేకింగ్ పౌడర్ వ్యాపారంలో గడించిన విలియం మన్రో రైట్ 1924లో దాన్ని నెలకొల్పాడు. ఆయన పెంచినవి బండికి కట్టి పరుగెత్తించే గుర్రాలు. కొడుకు వారెన్ రైట్ చేతికి వచ్చాక అది థరోబ్రెడ్‌ అనే పందెపు జాతి గుర్రాల స్థావరమైంది. 1941లో వర్లవే, 1948లో సైటేషన్ అమెరికా మూడు పెద్ద పందేలనూ ఒకే ఏడాది గెలిచి ట్రిపుల్ క్రౌన్ తెచ్చాయి. 1941 నుంచి 1968 దాకా, ఆ మూడింటిలో ఒకటైన కెంటకీ డెర్బీని ఆ ఫామ్ గుర్రాలు ఎనిమిదిసార్లు గెలిచాయి. వారెన్ రైట్ 1950లో పోయాక భార్య లూసిల్ దాన్ని నడిపింది. 1982లో ఆమె కన్నుమూసేనాటికి ఆ నేల మీద పైసా అప్పు లేదు. తర్వాతి తొమ్మిదేళ్ళలో అప్పులు పది కోట్ల డాలర్లు దాటాయి. ఆ ఇంటికి పెద్ద ఆదాయం తెచ్చిన ఆలీడార్ అనే మగ గుర్రం 1990 నవంబరులో కాలు విరిగి చనిపోయింది. 1991 మే నెలలో, కాల్యుమెట్‌లోనే పుట్టి ముందే చేతులు మారిన స్ట్రైక్ ద గోల్డ్ కెంటకీ డెర్బీ గెలిచింది. రెండు నెలలు దాటగానే జూలైలో కాల్యుమెట్ దివాలా పత్రాలు దాఖలు చేసింది. ఆ డెర్బీ విజేత తండ్రి ఆలీడారే. నేలకు సత్తువ తగ్గలేదు, నెత్తురుకు వాసి తగ్గలేదు. తగ్గింది యాజమాన్యం వివేకం. గుర్రాలు మేసే బీడును బ్యాంకు తాకట్టుగా చూడటం మొదలుపెట్టిన రోజే ఆ చోటు ప్రమాదంలో పడింది.

1992 మార్చి 26న వేలం జరిగింది. పోలండులో పుట్టి, విమానాల వ్యాపారంలో సంపన్నుడైన హెన్రిక్ ద క్వియాట్కోవ్‌స్కీ కోటీ డెబ్భై లక్షల డాలర్లకు దాన్ని పాడుకున్నాడు. తెల్ల కంచెలు, ఎర్ర అంచుల తెల్లని సాలలు, గుర్రాల సమాధులు ఉన్నవి ఉన్నట్టే ఉంచాడు. ఆయన 2003లో చనిపోయాక, 2012లో మళ్ళీ చేతులు మారినప్పుడు కూడా అది గుర్రాల ఫామ్‌గానే నిలిచింది. 2022లో ఎవరూ లెక్కలో పెట్టుకోని రిచ్ స్ట్రైక్ అనే గుర్రం, ఒకటికి ఎనభై చొప్పున పందెం ధర పలికిన గుర్రం, కెంటకీ డెర్బీ గెలిచి లోకాన్ని నివ్వెరపరిచింది. అది పుట్టింది కాల్యుమెట్ పెంపకంలోనే. వేలం జరిగిన ముప్ఫై ఏళ్ళకు అదే నేల మళ్ళీ ఒక విజేతను కన్నది. చెడకుండా ఉంచిన చోటు ఏం చేయగలదో చెప్పడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు. అయితే ఇందులో మనం గమనించవలసింది ఇంకొకటి ఉంది. ఆ రోజు వేలంలో చివరి పాట పాడినవాడు ఇళ్ళ వ్యాపారి అయివుంటే ఈ కథ మరోలా ముగిసేది. కాల్యుమెట్ బతికింది అదృష్టం వల్ల.

ఆ అదృష్టం పక్కవాడికి దక్కలేదు. లెక్సింగ్టన్ తూర్పున హాంబర్గ్ ప్లేస్ ఉండేది. జాన్ మాడెన్ దాన్ని రెండు వేల ఎకరాలకు పైగా విస్తరించాడు. 1919లో అమెరికా తొలి ట్రిపుల్ క్రౌన్ విజేతగా నిలిచిన సర్ బార్టన్ ఆయన పెంపకమే. జాతీయ రహదారి ఆ పక్కగా వచ్చింది. భూమి ధర ఎకరాల లెక్క దాటి, మన ఊళ్ళలో అనుకునేట్టు, గజాల లెక్కలోకి దిగింది. 1990ల నుంచి అక్కడ దుకాణ సముదాయాలు, ఇళ్ళ కాలనీలు లేచాయి. లాడం ఆకారంలో రాతిగోడ కట్టి మాడెన్ కుటుంబం కాపాడుకున్న గుర్రాల శ్మశానాన్ని సైతం ఒక పెద్ద దుకాణం కోసం వేరే చోటికి తరలించారు. హాంబర్గ్ అనే పేరు ఇప్పుడు బజారు పేరుగా మిగిలింది. దీని పక్కన, లెక్సింగ్టన్ దగ్గరే ఉన్న ఎల్మెండార్ఫ్ ఫామ్‌ను పెట్టి చూడండి. అక్కడి పాలరాతి మెట్ల మహాభవనాన్ని 1929లోనే కూల్చేశారు. స్తంభాలు మాత్రం నిలబడి ఉన్నాయి. ఆస్తి కాలక్రమాన ఎంతో తగ్గినా, మిగిలిన నేల మీద గుర్రాల పెంపకం ఆగలేదు. భవనం పోయిన చోట ఫామ్ బతికింది, నేల పోయిన చోట పేరు తప్ప ఏమీ మిగల్లేదు. చారిత్రక కట్టడం అనగానే గోడలనూ గుమ్మాలనూ కాపాడటమే అనుకునేవారికి ఈ రెండు ఉదాహరణలు చాలు.

నేలకు ఇంత ప్రాధాన్యం ఎందుకు? లెక్సింగ్టన్ చుట్టూ ఉన్న మట్టి కింద సుమారు నలభై ఐదు కోట్ల ఏళ్ళ నాటి సున్నపురాయి పొరలున్నాయి. రాయి కరిగి మట్టిలోకి కాల్షియం, ఫాస్ఫరస్ దిగుతాయి, గడ్డి వాటిని పీల్చుకుంటుంది, గుర్రప్పిల్ల ఎముక వాటితో గట్టిపడుతుంది. రెండేళ్ళకే పందెంలో దిగవలసిన జంతువుకు ఆ ఎముకే ప్రాణం. ఐర్లండులో కిల్డేర్ ప్రాంతం గుర్రాలకు పేరు మోసిందీ సున్నపురాయి నేల వల్లే. దీని మీద మనిషి చేసిన పని కూడా చిన్నది కాదు. ఒకే బీట్లో గుర్రాలను ఏళ్ళ తరబడి వదిలితే పొట్టపురుగులు పెరుగుతాయి. అందుకని బీళ్ళకు విశ్రాంతి ఇస్తారు, గుర్రాల వెనక పశువులను మేపుతారు, పెద్ద చెట్లను నీడ కోసం నరకకుండా ఉంచుతారు. నీటి వాలు చూసి కంచె మలుపు తిప్పుతారు. అలా దిద్దిన బీడు ఒక్క తరంలో తయారు కాదు. తారు, సిమెంటు పడ్డాక ఎన్ని తరాలైనా వెనక్కి రాదు. ఇల్లు మరోచోట కట్టుకోవచ్చు, సున్నపురాయి మీది పచ్చికను మరోచోట కట్టుకోలేం.

నేలనూ నెత్తురునూ విడదీయకూడదని ముందే గ్రహించినవాడు కల్నల్ విలియం హాల్ వాకర్. 1900లో కిల్డేర్ జిల్లా టల్లీలో భూమి కొని పెంపకశాల పెట్టాడు. పుట్టిన ప్రతి పిల్లకూ జాతకం రాయించేవాడు. చంద్రుడి కాంతి పడాలని సాలల పైకప్పుకు అద్దాలు అమర్చాడు. ఆ నమ్మకాల సంగతి ఎలా ఉన్నా, ఆయన పెంచిన మినోరు 1909లో ఎడ్వర్డ్ చక్రవర్తి తరఫున ఇంగ్లండు డెర్బీ గెలిచింది. 1915లో, యుద్ధకాలంలో, ఆయన బ్రిటిష్ ప్రభుత్వానికి ఒక మాట చెప్పాడు: గుర్రాలన్నిటినీ ఉచితంగా ఇస్తాను, నేలను మాత్రం విలువ కట్టి మీరు కొనండి. ప్రభుత్వం తటపటాయించింది. గుర్రాలు ఇంగ్లండులోని న్యూమార్కెట్‌లో వేలానికి సిద్ధమయ్యాక, చివరి క్షణంలో ఒప్పుకుంది. ఆ షరతులోనే ఆయన వివేకమంతా ఉంది. గుర్రాలు ఒక్కటే ఇస్తే నాలుగు దిక్కులకూ చెదిరేవి, నేల ఒక్కటే ఇస్తే ఖాళీ బీడయ్యేది. అలా పుట్టిన నేషనల్ స్టడ్ అనే ప్రభుత్వ పెంపకశాలలో 1919లో బ్లాండ్‌ఫర్డ్ అనే గుర్రం పుట్టింది. దాని సంతానం నాలుగు ఇంగ్లండు డెర్బీలు గెలిచింది. ఆ నాలుగు విజేతల్లో ఒకటైన బ్లెన్‌హైమ్ ఆగాఖాన్ గుర్రం. 1936లో దాన్ని అమెరికాకు కొన్నవారిలో కాల్యుమెట్ వారెన్ రైట్ ఒకడు. బ్లెన్‌హైమ్ కొడుకే వర్లవే. చివరి క్షణంలో చెదిరిపోకుండా ఆగిన ఒక ఎస్టేటు, పాతికేళ్ళ తర్వాత సముద్రానికి ఆవల ఇంకొక ఎస్టేటుకు తొలి కిరీటం పెట్టింది. టల్లీ ఇప్పటికీ ఐర్లండు జాతీయ పెంపకశాలగా నడుస్తోంది, జనం వెళ్ళి చూసి వస్తున్నారు.

దీనికి ఎదురువాదాలు ఉన్నాయి, తేలిగ్గా తీసేయదగ్గవి కావు. ఇది ధనవంతుల సరదా, ఇళ్ళు లేనివాళ్ళున్న ఊరి పక్కన గుర్రాలకు వందల ఎకరాలు ఎందుకు అన్నది మొదటిది. ఊరు పెరగాలి, నిజమే. కానీ ఎటు పెరగాలో ఎవరు తేల్చాలి? లెక్సింగ్టన్ 1958లోనే, అమెరికాలో మొట్టమొదటగా, ఊరి చుట్టూ ఒక హద్దు గీసి దాని లోపలే పట్టణ వసతులు ఇస్తామంది. 2023లో అవసరం చర్చించి ఆ హద్దును సుమారు 2,800 ఎకరాల మేర జరిపింది. ఆ నిర్ణయం నచ్చవచ్చు, నచ్చకపోవచ్చు, కానీ అది పదిమందీ కూర్చుని తీసుకున్నది. అప్పుల్లో కూరుకున్న ఎస్టేట్లను ఒక్కొక్కటిగా వేలం పాటలు మింగుతూ పోతే ఇళ్ళు ఎక్కడ పడాలో బీదవాడు తేల్చడు, ఎక్కువ పాడినవాడు తేలుస్తాడు. ఫామ్ పోతే ముందు రోడ్డున పడేదీ సైసులు, లాడాలు కొట్టేవాళ్ళు, గడ్డి కోసేవాళ్ళే.

నా భూమి నా ఇష్టం అన్నది రెండోది. ఆ హక్కును కాదనకుండానే దారి ఉంది. లెక్సింగ్టన్‌లో 2000 నుంచి, భూమి మీద ఇళ్ళు కట్టే హక్కును మాత్రం ప్రజల సొమ్ముతో కొనే పథకం నడుస్తోంది. యజమాని భూమిని ఉంచుకోవచ్చు, అమ్ముకోవచ్చు, పిల్లలకు ఇచ్చుకోవచ్చు, ముక్కలు చేసి కట్టడాలు మాత్రం లేపకూడదు. ఆ షరతు దస్తావేజుతోపాటు శాశ్వతంగా వెళుతుంది. అలా ముప్ఫై వేల ఎకరాలకు పైగా రక్షణలోకి వచ్చాయి. యజమానికి నష్టపరిహారం ముడుతుంది. పైగా ఆ నేలకు తాకట్టు విలువ తగ్గుతుంది కనుక, కాల్యుమెట్‌ను ముంచినంత అప్పు దాని మీద పుట్టదు. లోపం అనుకునేదే కవచం అవుతుంది.

మూడోది నైతికమైనది. కెంటకీ గుర్రాల వైభవం బానిసల చెమట మీద లేచింది, దాన్ని వారసత్వమని ఎందుకు మోయాలి? 1875లో తొలి కెంటకీ డెర్బీ గెలిచిన జాకీ ఆలివర్ లూయిస్ నల్లజాతివాడు. ఆ పందెంలో దిగిన 15 మంది జాకీల్లో 13 మంది నల్లవాళ్ళే. మూడు డెర్బీలు గెలిచిన ఐజాక్ మర్ఫీ కెంటకీ బిడ్డ. తర్వాత నల్లజాతి జాకీలను ఆటలోంచి తోసేశారు. నల్లజాతి మనుషులు పేర్చిన రాతికంచెలు, వాళ్ళు పనిచేసిన సాలలు ఆ నేల మీదే ఉన్నాయి. వాటిని చదును చేస్తే అన్యాయం చెరగదు, దాని సాక్ష్యం చెరుగుతుంది. ఎస్టేటును నిలపమనడం యజమానుల ఘనత కోసం అడగడం కాదు. ఆ ఘనతను మోసిన చేతుల ఆనవాళ్ళ కోసం అడగడం.

కనుక ఇలాంటి చోటు అమ్మకానికి వచ్చినప్పుడు అమ్మేవారు చేయవలసింది ఒకటే. ఎవరు ఎంత ఇస్తారని అడిగేముందు, ఈ నేల ముక్కలు కాకూడదన్న వాక్యాన్ని పత్రంలో రాయించాలి. పాలకులు ఆ వాక్యానికి తగిన సొమ్ము ఇవ్వాలి. టల్లీ షరతుతో నిలిచింది, కాల్యుమెట్ అదృష్టంతో నిలిచింది, హాంబర్గ్ ఆ రెండూ లేక పోయింది. అదృష్టాన్ని ఎవరూ దస్తావేజులో రాయలేరు, షరతును రాయగలరు.