ఎవరి హై స్ట్రీట్?

లండన్ దక్షిణ భాగంలో ఉన్న సట్టన్‌లో, రైలు స్టేషను దగ్గర్నుంచి దిగువకి జారే పొడవాటి హై స్ట్రీట్ ఒకటుంది. నా చిన్నతనం చాలావరకు ఆ వాలులోనే గడిచింది. ఇంగ్లండ్ శివార్లలో పెరిగినవాళ్లని హై స్ట్రీట్ గురించి కదిపితే చాలు, అందరిదీ ఒకటే పాట: అప్పట్లో ఎంత బాగుండేదో! నాకా పాట పూర్తిగా రాదు.

మాంసం కొట్టు మూతపడిందని మా పక్కింటి పెద్దావిడ నెలల తరబడి బాధపడింది. పెళ్లయినప్పట్నుంచీ అక్కడే కొనేదట. అదే కొట్లో ఒక శ్రీలంక తమిళాయన కిరాణా పెట్టాడు. అక్కడ కరివేపాకు, ములక్కాడలు దొరికిన రోజు అమ్మ సంబరం చూడాలి! ఒకటే కొట్టు, పక్కింట్లో దిగులు, మా ఇంట్లో ములక్కాడల పులుసు.

నా వంతు తర్వాత వచ్చింది. శనివారాలు నాన్నిచ్చిన పౌండు బిళ్లతో మిఠాయిలు ఏరుకున్న ఊల్‌వర్త్స్ 2009 జనవరికల్లా దేశమంతటా మూతపడింది. 800కి పైగా దుకాణాలు. నేనప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నాను. అప్పులు, సూపర్ మార్కెట్ల పోటీ, ఆన్‌లైన్ అమ్మకాలు, ఇలా కారణాలు చాలానే చెప్పారు. ఇప్పుడు నేను రాసేది ఆన్‌లైన్ అమ్మకాల సాఫ్ట్‌వేరే కాబట్టి అవి నాకు బాగానే అర్థమవుతాయి. అర్థమైతే మాత్రం దిగులు తగ్గుతుందా?

మొన్న వెళ్తే తమిళాయన కొట్టు కూడా లేదు. వేప్‌లు అమ్ముతున్నారు. "అసలు వీధి పోయిందిరా" అంది అమ్మ, అచ్చం పక్కింటావిడలా. మనకి మొదట చోటిచ్చిన వీధే అసలు వీధి కాబోలు. ఆ వేప్ షాపు ముందు గుమిగూడి నవ్వుకుంటున్న కుర్రాళ్లూ ఏదో ఒకరోజు దాన్ని తలుచుకుని బెంగపడతారు. అప్పుడు వాళ్లని చూసి నవ్వకుండా ఉంటే చాలు.