మెడకు చుట్టుకున్న మఫ్లర్

విజయవాడలో ఉన్నన్నాళ్ళూ మఫ్లర్ అంటే నాకు ఒకటే తెలుసు. సంక్రాంతి ముందు చలికి తాతయ్య తలకీ మెడకీ కలిపి చుట్టుకునే ఉన్ని గుడ్డ. మనం సైలెన్సర్ అనేదాన్ని ఇక్కడివాళ్ళు మఫ్లర్ అంటారని అమెరికా వచ్చాకే తెలిసింది. 2009 ఫిబ్రవరిలో అది నిజంగానే నా మెడకు చుట్టుకుంది.

అప్పుడు మేం డెట్రాయిట్ దగ్గర ఉండేవాళ్ళం. ఆ ఏడాది ఏప్రిల్ 30న క్రైస్లర్, జూన్ 1న జనరల్ మోటార్స్ దివాలా కోర్టు మెట్లెక్కాయి. ఆ సెగ చిన్న కంపెనీలకు ముందే తగిలింది. జనవరి చివర్లో మా ఆఫీసులో ఏడుగురిని ఇంటికి పంపారు. ఆ ఏడుగురిలో నేనొకణ్ణి. గ్రీన్‌కార్డు అప్పటికే చేతికొచ్చింది కాబట్టి పెట్టే బేడా సర్దుకోవాల్సిన అవసరం రాలేదు. కానీ ప్రతి డాలరునీ యాభైతో గుణించి చూసుకునే పాత అలవాటు మళ్ళీ మొదలైంది.

సరిగ్గా అప్పుడే మా 1998 మోడల్ కారు బుల్లెట్ బండిలా డుగుడుగుమనడం మొదలుపెట్టింది. షాపులో చూపిస్తే మఫ్లరూ, దాని ముందు గొట్టమూ తుప్పు పట్టి చిల్లులు పడ్డాయన్నారు. రెండూ మార్చడానికి 580 డాలర్లు అడిగారు. "ఉద్యోగం వచ్చాక చూద్దాంలే" అనుకుని బయటికొచ్చేశాను. మిషిగన్‌లో ఏటా కారు తనిఖీ చేయించాలన్న నిబంధన లేదు. అడిగేవాడు లేడు కదా అని రేడియో కాస్త పెద్దది చేసుకుని రెండు వారాలు అలాగే తిరిగాను.

ఆ రెండు వారాలూ మా ఆరేళ్ళ అమ్మాయిని స్కూల్లో దింపింది ఆ కారులోనే. ఒక రోజు అన్నం తింటూ అది మామూలుగా అంది, "నాన్నా, నీ కార్లో కూర్చుంటే తలనొప్పొస్తుంది. స్కూల్లో దిగాక పోతుంది."

నేను పాలు తాగకుండా వెళ్తోందని దాన్నే కసురుకోబోయాను. మా ఆవిడ చెయ్యి అడ్డం పెట్టింది. "ఏమండీ, అమ్మ కార్లో రాని తలనొప్పి నాన్న కార్లోనే ఎందుకొస్తుంది? దిగితే పోతుందంటోంది, అది పొగ కాదూ?"

ఆ మాటతో నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తర్వాత కళ్ళు తిరగడం, వికారం, ఆ తర్వాత మగత. చలికాలం అద్దాలన్నీ బిగించుకుని, చిల్లు పడ్డ గొట్టం మీదే పిల్లని కూర్చోబెట్టి తిప్పానన్నమాట. ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఏమీ కాలేదన్నారు. ఆ రాత్రి మాత్రం నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు కాలింగ్ కార్డు గీకి నాన్నకి ఫోన్ చేశాను. మా నాన్న విజయవాడ ఆటోనగర్‌లో ముప్ఫయ్యేళ్ళు లారీ మెకానిక్కు. చిన్నప్పుడు నన్ను షెడ్డు గడప తొక్కనిచ్చేవాడు కాదు. "పానా నేను పట్టుకుంటా, నువ్వు పుస్తకం పట్టుకో" అనేవాడు. ఉద్యోగం పోయిన సంగతి ఆయనకింకా చెప్పలేదు.

"నాన్నా, మఫ్లర్ తుప్పు పట్టింది."

"మఫ్లర్‌కి తుప్పేంట్రా?"

"సైలెన్సర్ నాన్నా."

"అట్టా చెప్పు. ఆ బండికి అప్పుడే పోవడమేంటి?"

మంచు కరగడానికి ఇక్కడ రోడ్ల మీద ఉప్పు చల్లుతారనీ, డెట్రాయిట్ ఊరి కిందే వెయ్యి అడుగులకు పైగా లోతున ఉప్పు గని ఉందనీ చెప్పాను. ఆయన పకపకా నవ్వాడు. "ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలి, ఉప్పు తిన్న ఇనుము తుప్పు పట్టాలి."

తుప్పు బయటి నుంచే కాదు, లోపలి నుంచీ తింటుందని ఆయనే చెప్పాడు. ఒక గ్యాలన్ పెట్రోలు కాలితే ఇంచుమించు ఒక గ్యాలన్ నీళ్ళు ఆవిరిగా తయారవుతాయి. దూరం నడిపితే గొట్టం బాగా వేడెక్కి ఆ తేమ పోతుంది. స్కూలుకీ ఇంటికీ మధ్య పది నిమిషాలు తిప్పితే మాత్రం నీళ్ళు మఫ్లర్‌లోనే నిలిచిపోతాయి.

కాసేపాగి అడిగాడు, "షాపులో ఇవ్వకుండా నువ్వెందుకు చేస్తున్నావురా?" అప్పుడు చెప్పేశాను. ఆయన ఓదార్చలేదు. "కాగితం, పెన్ను తీసుకో" అన్నాడు.

ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. బండి పూర్తిగా చల్లారాకే ముట్టుకో. చదునైన నేల మీద పెట్టి, చక్రాలకు అడ్డం పెట్టు. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని కింద దూరబోకు, స్టాండ్లు పెట్టు, అలా దూరి పోయినవాళ్ళని చూశాను. నట్లకి ముందు రోజు రాత్రే తుప్పు వదిలే నూనె కొట్టు. కళ్ళజోడు లేకుండా పైకి చూడకు.

శనివారం పొద్దున గ్యారేజీ తలుపు బార్లా తెరిచి మొదలుపెట్టాను. పక్కింటి పెద్దాయన కార్ల ఫ్యాక్టరీలో పనిచేసి రిటైరైనవాడు. నా అవస్థ చూసి స్టాండ్లూ, వేడి చేసే టార్చీ పట్టుకొచ్చాడు. మూడు బోల్టుల్లో ఒకటి కదిలింది, ఒకటి పుటుక్కున విరిగింది, మూడోది మొండికేసింది. దాని మీది నూనె శుభ్రంగా తుడిచి, పెట్రోలు గొట్టానికి దూరంగా ఉన్నామని చూసుకుని, ఆయన నట్టుని వేడి చేశాడు. వేడికి నట్టు వ్యాకోచించి తుప్పు పట్టు వదిలింది. విరిగినదాన్ని హాక్సా బ్లేడుతో కోసి తీశాం. క్యాటలిటిక్ కన్వర్టర్ బాగానే ఉంది. దాన్ని పీకి ఖాళీ గొట్టం పెట్టడం చట్టరీత్యా నేరమని పెద్దాయన హెచ్చరించాడు. ముట్టుకోలేదు.

రబ్బరు హేంగర్లకి సబ్బు నీళ్ళు రాసి కొత్త మఫ్లర్ వేలాడదీశాం. నాన్న ప్యాకింగ్ అంటాడే, ఆ గ్యాస్కెట్ కొత్తది వేశాం. ముందు అన్నీ వదులుగా పెట్టి, ఎక్కడా బాడీకి తగలకుండా సర్ది, ఇంజన్ వైపు నుంచి వెనక్కి ఒక్కొక్కటే బిగించుకుంటూ వచ్చాం. కారుని వాకిట్లోకి తోసి, స్టార్టు చేసి, అతుకుల మీద సబ్బు నీళ్ళు కొట్టాం. ఒకచోట బుడగలొచ్చాయి. ఆపి, చల్లారనిచ్చి, క్లాంపు మళ్ళీ బిగించాం. ఈసారి రాలేదు. డిక్కీ అడుగున ఊడిపోయిన రబ్బరు బిరడా కూడా కనిపించింది. పొగ లోపలికొచ్చిన దారి అదే అయ్యుండాలి. దాన్నీ మూశాం.

మొత్తం ఖర్చు 134 డాలర్లు. అంకెలు చూపించే కార్బన్ మోనాక్సైడ్ అలారం కొని, వెనక సీట్లో పెట్టుకుని ఒంటరిగా గంటసేపు తిరిగాను. సున్నా చూపించింది. ఆ అలారాలు కొద్ది మోతాదుని చూపించవని చదివి, వారం తర్వాత సబ్బు నీళ్ళతో మళ్ళీ చూశాను. అప్పుడే అమ్మాయిని ఎక్కించుకున్నాను.

నాన్నకి ఫోన్ చేసి చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "గ్రీజు ఒట్టి సబ్బుకి పోదురా. ముందు కొబ్బరి నూనె రాసి, ఆ తర్వాత సర్ఫేసి కడుక్కో." ముప్ఫయ్యేళ్ళు రోజూ సాయంత్రం ఆయన చేతులు కడుక్కున్న పద్ధతి అది. నాకు నేర్పాల్సిన రోజు రాకూడదనే ఆయన కష్టపడ్డాడు. నేర్పినప్పుడు మాత్రం గొంతులో కాస్త గర్వం వినిపించింది.

ఆగస్టులో ఉద్యోగం వచ్చింది. ఆ కారు మరో నాలుగేళ్ళు నడిచింది. నాన్న 2016లో పోయాడు. కాలేజీ పిల్లయిన మా అమ్మాయి మొన్న పాత కారు చూడ్డానికి వెళ్ళి, రంగూ రేడియో చూడకముందే వంగి కింద టార్చిలైటు వేసింది.

మీ పాత కారు గొంతు మారితే రేడియో పెద్దది చెయ్యకండి. కార్లో తలనొప్పని పిల్లలంటే కసురుకోకండి. అద్దాలు దించి, కారు పక్కన ఆపి, వాళ్ళతో పాటు మీరూ దిగండి.