పాత లింకులకు కాపలా

హైదరాబాద్‌లో ఒక దినపత్రిక వెబ్ విభాగం ఎలా నడుస్తుందో చూసి రాయమని మా సంపాదకులు పురమాయించారు. వార్త వచ్చిన దగ్గర్నుంచి పాఠకుడి ఫోన్‌లోకి చేరేదాకా అన్నీ వరసగా చూపిస్తానని అక్కడి ఇన్‌ఛార్జి గారు ఉత్సాహంగా బయల్దేరారు. వీడియో గది, గోడ మీద పెద్ద తెర, అందులో క్షణక్షణం మారే పాఠకుల లెక్క. వాటి గురించి ఇప్పటికే చాలామంది రాశారు. నేను మూలనున్న ఒక బల్ల దగ్గరే ఉండిపోయాను. నల్లటి తెర మీద తెల్ల అక్షరాలతో ఏదో టైపు చేస్తున్న ఒకామె, పక్కనే నిలబడి మొత్తుకుంటున్న ఒక సబ్ ఎడిటర్ కనిపించారు.

"మేడమ్, పొద్దున ఆరింటికి షెడ్యూల్ పెట్టిన రాశిఫలాలు పదకొండున్నరకి వచ్చాయి. జనం ఫోన్లు చేసి తిడుతున్నారు."

"కొత్తగా పెట్టిన భక్తి సైట్లోనేనా అన్నా?"

"అవును, అందులోనే."

ఆమె ఇంకేమీ వెతకలేదు. తేడా సరిగ్గా అయిదున్నర గంటలు. ఆ సైట్లను నడిపే వర్డ్‌ప్రెస్ సాఫ్ట్‌వేర్‌ను కొత్తగా పెట్టినప్పుడు ఎవరూ మార్చకపోతే దాని గడియారం అంతర్జాతీయ కాలంలోనే నడుస్తుంది. అక్కడ ఆరయ్యేసరికి మనకు పదకొండున్నర. ఆమె ఒక్క ఆదేశం కొట్టి కాలమానాన్ని ఆసియా-కోల్‌కతాకు మార్చారు. అంతటితో ఆగకుండా తన స్క్రిప్టు ఫైలు తెరిచి, కొత్తగా పెట్టే ఏ సైటుకైనా ఆ మార్పు దానంతటదే పడేలా ఒక వరస చేర్చారు. పైన తెలుగులో ఒక వ్యాఖ్య రాశారు: "రాశిఫలాలు ఆలస్యమయ్యాయి, అందుకని."

"సెట్టింగ్స్‌లోకి వెళ్లి మౌస్‌తో మార్చేస్తే సరిపోదా అమ్మా?" అని అడిగాను.

"సరిపోతుంది సార్. కానీ ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో ఎక్కడా ఉండదు. నేను లీవులో ఉన్న రోజు ఇంకొకరు వచ్చి మళ్లీ తిప్పేస్తారు. ఇక్కడ రాసి ఉంటే అడిగి మరీ ముట్టుకుంటారు."

వర్డ్‌ప్రెస్‌ను 2003 మేలో మాట్ ముల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ విడుదల చేశారు. ఎవరైనా మీటలు నొక్కి సైటు నడుపుకోవచ్చన్నదే దాని గొప్ప. ఆ మీటల వెనకున్న సెట్టింగులను ఆదేశాలతో మార్చడానికి డబ్ల్యూపీ సీఎల్ఐ అనే పనిముట్టు ఉంది. ఈమె చేతులు రోజంతా దాని మీదే ఉంటాయి. షెడ్యూల్ పెట్టిన వార్తను సమయానికి బయటికి పంపే క్రాన్ సంగతి నాకు ఇక్కడే తెలిసింది. సొంతంగా గంట కొట్టడం దానికి రాదు. ఎవరో ఒక పాఠకుడు సైటు తెరిస్తేనే మేల్కొని, పంపాల్సినవి ఏమున్నాయో చూస్తుంది. తెల్లవారుజామున ఎవరూ రాకపోతే వార్త అలాగే పడి ఉంటుంది. అందుకే ఆమె ఆ ఏర్పాటును ఆపేసి, సర్వర్ గడియారమే నిమిషానికోసారి ఆ పని చేసేలా రాసుకున్నారు. సైటును గూగుల్ కంటికి కనపడకుండా ఉంచే ఒక చిన్న గడి కూడా ఉంది. ప్రయోగాల సైట్లో దానికి టిక్కు పెడతారు, అసలు సైటుకు ఎక్కించేటప్పుడు తియ్యడం మరిచిపోతారు. దాని మీద రోజూ రాత్రి ఒక స్క్రిప్టు నిఘా వేస్తుంది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా పట్టుకున్నది తెలుగు చిరునామాల గొడవ. డెస్క్ వాళ్లు తెలుగులో శీర్షిక కొట్టి వదిలేస్తే వర్డ్‌ప్రెస్ దాన్నే లింకుగా మారుస్తుంది. ఆమె ఒక చిత్తు కాగితం తీసుకుని 'ముఖ్యమంత్రి' అని రాసి, పెన్సిల్‌తో విడగొట్టి చూపించారు. ఒత్తులూ గుణింతాలూ సున్నా అన్నీ విడివిడిగా లెక్కేస్తే 11 సంకేతాలు. ఒక్కొక్కటీ కంప్యూటర్లో 3 బైట్లు. లింకులోకి వెళ్లేటప్పుడు ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి 3 అక్షరాలవుతుంది. అంటే ఆ ఒక్క మాటకే 99. లింకు కోసం వర్డ్‌ప్రెస్ ఇచ్చిన చోటు 200. 'ముఖ్యమంత్రి' రెండుసార్లు రాసి మధ్యలో ఒక గీత పెడితే 199 అయిపోయింది, మూడో మాటకు చోటు లేదు. అదే ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే పొడవాటి వాక్యమే పట్టేది.

తెలుగుకు యూనికోడ్‌లో 1991లోనే చోటు దొరికింది. ఇన్నేళ్లు గడిచినా తెలుగు శీర్షిక సగంలో తెగిపడుతుంటే అదొక సమస్య అని మన పత్రికల్లో ఎవరికీ తోచలేదు. నాకు కోపం వచ్చింది, ఇప్పటికీ తగ్గలేదు. ఆమె మాత్రం తిట్టుకుంటూ కూర్చోలేదు. శాతం గుర్తులున్న లింకు కనిపిస్తే దాన్ని ఇంగ్లిష్ లిపిలో చిన్న మాటలుగా మార్చి, చివర వార్త సంఖ్య తగిలించే స్క్రిప్టు రాశారు. అది చిత్తుప్రతుల మీదే పనిచేస్తుంది. ఒకసారి బయటికి వెళ్లిన లింకును ముట్టుకోదు. ఎందుకని అడిగితే, "జనం వాట్సాప్‌లో పంపుకున్నాక అది మనది కాదు సార్" అన్నారు.

మేం మాట్లాడుతుండగానే ఫోన్ మోగింది. చాలా ఏళ్లు ఆ పత్రికకు కాలమ్ రాసిన ఒక పెద్దాయన. తన వ్యాసాల లింకులు ఒక్కటీ తెరుచుకోవడం లేదని, మనవరాలికి చూపిద్దామంటే 'పేజీ లేదు' అని వస్తోందని గోడు చెప్పుకున్నారు. "వెతికిపెడతాను బాబాయ్, కొంచెం టైమివ్వండి" అని ఆమె ఓపిగ్గా చెప్పారు. ఫోన్ పెట్టాక చూపించారు. పాత సాఫ్ట్‌వేర్లో ప్రతి వ్యాసానికీ ఒక నంబరు, లింకులో అదే ఉండేది. కొత్తదానికి మారినప్పుడు వ్యాసాలు వచ్చాయి, ఏ నంబరు ఏ లింకు అయిందో చెప్పే జాబితాను మాత్రం ఎవరూ దాచలేదు. తీరిక దొరికినప్పుడల్లా ఆమె పాత బ్యాకప్‌లు తవ్వి ఆ పట్టిక తయారుచేస్తున్నారు: ఒకవైపు పాత నంబరు, మరోవైపు కొత్త చిరునామా. దాన్ని స్క్రిప్టు చదివి, పాత లింకు నొక్కిన వాళ్లను 301 సంకేతంతో కొత్త చోటికి పంపుతుంది. 'శాశ్వతంగా ఇక్కడికి మారాం' అని గూగుల్‌కు చెప్పేది ఆ సంకేతమే. ఈ పని ఆమెకు ఎవరూ అప్పగించలేదు.

వెబ్‌ను కనిపెట్టిన టిమ్ బెర్నర్స్-లీ 1998లోనే మంచి చిరునామా మారకూడదని వ్యాసం రాశారు. మనవాళ్లు దాన్ని పట్టించుకోలేదు. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం గ్రంథాలయంలో పాత పత్రికలను ఇవాళ్టికీ తిరగేయవచ్చు. పదేళ్ల కిందట వెబ్‌లో వచ్చిన వ్యాసం మాత్రం దొరకదు. కాగితాన్ని దాచడానికి గ్రంథాలయాలు కట్టుకున్న తెలుగువాళ్లం, లింకును దాచే మనిషికి పత్రికలో సరైన ఉద్యోగం కూడా ఇవ్వలేదు. ఆమె జీతం వేరే ఏజెన్సీ నుంచి వస్తుంది. ఒప్పందం ముగిస్తే ఆ స్క్రిప్టులను చదివి నడిపేవాళ్లు ఆ అంతస్తులో ఇంకెవరూ లేరు.

వెబ్ పత్రికలు నడిపే సంపాదకులకు నా విన్నపం ఇది. సాఫ్ట్‌వేర్ మార్చే ముందు పాత లింకుల పూర్తి జాబితా తీయించి భద్రపరచండి. ప్రచురణ సెట్టింగులు ఎవరు, ఎందుకు మార్చారో రాసిపెట్టే పద్ధతి తప్పనిసరి చేయండి. ఆ పని చేసే మనిషిని ఏజెన్సీ లెక్కలోంచి తీసి మీ సంపాదక విభాగంలోకి తీసుకోండి.