దిగులు చూపు

పచ్చకామెర్ల వానికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందంటారు. మరి దిగులుతో కుంగినవానికి లోకం ఉన్నదున్నట్లుగా కనిపిస్తుందా? 1979లో అమెరికాకు చెందిన లారెన్ ఎల్లాయ్, లిన్ అబ్రామ్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులపై ఒక ప్రయోగం చేశారు. మీట నొక్కడానికీ, దీపం వెలగడానికీ సంబంధం లేకపోయినా, దీపం తరచుగా వెలిగినప్పుడు అది తమ ప్రభావమేనని ఉత్సాహవంతులు భ్రమించారు. దిగులుగా ఉన్నవారు అంతగా భ్రమపడలేదు. విషాదమే వివేకమన్న భావన అప్పటినుండి వ్యాపించింది. కాని 2022లో వెలువడిన మరొక పరిశోధనలో ఆ ఫలితం నిలువలేదు.

ఈ ప్రశ్నకు పటాన్‌చెరు నేల తనదైన సమాధానం చెబుతుంది. 1970ల నుండి పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతాలలో రసాయన, ఔషధ పరిశ్రమలు వెలిశాయి. ఎందరికో ఉపాధి లభించింది. అయితే వాటి వ్యర్థజలాలు నక్కవాగులో కలిసి మంజీర వైపు సాగాయి. వాగు వెంట పొలాలు, బావులు చెడిపోయాయి. “కొలువులు వచ్చాయి కదా, నీరు అదే బాగుపడుతుంది” అంటుంది ఆశ. “పెద్దవారితో మనమేమి పోరాడగలం, మన రాత ఇంతే” అంటుంది నిరాశ. మాటలు వేరైనా ఫలితం ఒక్కటే. రెండూ మనిషిని ఇంటిపట్టునే కూర్చోబెడతాయి.

పటాన్‌చెరులో వైద్యుడైన డాక్టర్ అల్లాని కిషన్‌రావు అలా కూర్చోలేదు. రైతులతో కలిసి కాలుష్యంపై ఉద్యమించారు. 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. న్యాయస్థానం ఆదేశాల వలన నష్టపోయిన రైతులకు పరిహారం, గ్రామాలకు తాగునీరు మంజూరయ్యాయి.

అంతటితో వాగు శుభ్రపడలేదు. పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధిచేసే అక్కడి కేంద్రం నుండి వెలువడే నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రకటించారు. శుద్ధిచేసిన ఆ నీటిలోనే సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండే పరిమాణం కన్నా ఇది ఎక్కువ!

ఇక్కడ నిరాశావాది రెండు విధాల పొరబడ్డాడు. న్యాయస్థానంలో రైతుకు ఊరట దక్కుతుందని అతడు ఊహించలేదు. శుద్ధిచేసిన నీటిలోనే ఇంత మందు ఉంటుందనీ ఊహించలేదు. మేలునూ, కీడునూ కూడా అతడు తక్కువగానే అంచనా వేశాడు.

దిగులు ఒక్కొక్కసారి ప్రమాదాన్ని ముందుగా పసిగట్టవచ్చు. అంతమాత్రాన అది సత్యదర్శనం కాదు. వాగు ఒడ్డున నిలిచి నిట్టూర్చేవానికి గాని, ముఖం తిప్పుకొని పోయేవానికి గాని నీటిలో ఏమున్నదో తెలియదు. వంగి ఆ నీటిని సీసాలో పట్టి పరీక్షకు పంపినవానికే తెలుస్తుంది.